బావగారింట మంచినీళ్ళు

దుర్గాభవాని కాపురానికి వెళ్ళిన ఏడాదే ఆ అణువిద్యుత్ స్టేషను కూడా కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఎక్కడో వేరే రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఉంది. దాని పేరుతో మనకి పనిలేదు. పెళ్ళయిన కొత్తలో, అక్కడే పనిచేసే భర్త బుచ్చిబాబు "నాకు ఇద్దరు పెళ్ళాలు" అని వేళాకోళం ఆడితే ఆవిడ తెగ ఉడుక్కునేది. ఏళ్ళు గడిచేసరికి ఉడుక్కోవడం మానేసి, ఆయన డ్యూటీ దిగి రాగానే "పెద్దావిడకి ఒంట్లో ఎలా ఉందండీ?" అని తనే అడగడం నేర్చుకుంది.

పెద్దావిడకి ఈమధ్య ఒంట్లో అంత బాగుండటం లేదు. వయసు మీద పడింది. నడపడానికి ఇచ్చిన లైసెన్సు ఆషాఢంతో అయిపోతుంది. మళ్ళీ ఇవ్వాలంటే నియంత్రణ బోర్డువాళ్ళు తల దగ్గర్నుంచి కాలిదాకా పరీక్ష చేస్తారు. గోడలు తడతారు, గొట్టాలు కొలుస్తారు, పంపుల గుండె చప్పుడు వింటారు. బుచ్చిబాబు ఇప్పుడు ఆ స్టేషనుకి డైరెక్టరు, పై ఏడు రిటైరవుతాడు. కొత్త లైసెన్సు తన తర్వాతివాడి చేతిలో పెట్టి మరీ కుర్చీ దిగాలని ఆయన కోరిక. అందులో తప్పేమీ లేదు.

చిక్కల్లా భవానిది. ఆ బోర్డులో పనిచేస్తున్నవాడు ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు, నరసింహమూర్తి.

లైసెన్సు అర్జీ వచ్చిన మొదటిరోజే మూర్తి "ఆ డైరెక్టరు నా బావగారు" అని బోర్డుకి రాసిచ్చేశాడు. బోర్డువాళ్ళు చదివి, సరే, లైసెన్సు సంగతి తేల్చే కమిటీలో నువ్వు కూర్చోవద్దు, కానీ పాత కేబుళ్ళ గురించి నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు కాబట్టి ఆ ఒక్క పరీక్షా నువ్వు చూడు అన్నారు. స్టేషను పుట్టినప్పుడు లోపల వేసిన కేబుళ్ళు ఇంకో పదేళ్ళు ఆగుతాయా లేదా అన్నది అతను తేల్చాలి. మూర్తి సరేనన్నాడు. ఆ క్షణం నుంచీ అక్కయ్య ఇంట్లో మంచినీళ్ళు ముట్టడం మానేశాడు.

నేనేమీ అతిశయోక్తి చెప్పడంలేదు. నిజంగానే మానేశాడు.

ఇది బయటపడింది మాఘమాసంలో, ఏలూరులో గృహప్రవేశం నాడు. రిటైరయ్యాక ఉండటానికని బుచ్చిబాబు కైకలూరు రోడ్డు వైపు ఇల్లు కట్టాడు. ఆయన పుట్టింది కొల్లేటి పక్క ఊళ్ళోనే కాబట్టి ఆ గాలి తగలకపోతే ఆయనకి నిద్రపట్టదు. ఇల్లు బాగానే కుదిరింది. కాకపోతే ముప్పై ఏళ్ళు స్టేషనులో బతికిన మనిషి కదా, ఇంట్లో కూడా అదే పద్ధతి. ప్లంబరు ట్యాంకు కడుగుతున్నాడని మోటారు స్విచ్చికి "మనుషులు పనిలో ఉన్నారు, ముట్టరాదు" అని ఎర్రచీటీ ఒకటి కట్టాడు. ప్లంబరు పని ముగించుకుని వెళ్ళిపోయాడు. చీటీ కట్టినవాళ్ళే విప్పాలన్నది స్టేషను నియమం. కట్టిన ఈయనేమో పీటల మీద హోమం చేస్తున్నాడు. కామవరపుకోట నుంచి దిగిన చుట్టాలు కాళ్ళు కడుక్కోవడానికి చుక్క నీళ్ళు లేక, చెప్పులతో వాకిట్లో నిలబడిపోయారు.

"నేను విప్పేస్తాను, ఏమైందిప్పుడు?" అన్నాడు చినమావగారు అబ్బాయిరాజు. ఆయన బుచ్చిబాబుకి చిన్నాన్న, నోరు కాస్త పెద్దది.

"వద్దండీ మావయ్యగారూ, ఆయనకి తెలిస్తే హోమం ఆపేసి వస్తారు" అని భవాని చేతులడ్డం పెట్టింది.

ఇలాంటి ఇంటికి మూర్తి వచ్చాడు. రాక తప్పదు మరి. గృహప్రవేశానికి పుట్టింటివాళ్ళు బట్టలు పెట్టాలి, పుట్టింటివాళ్ళంటే ఇప్పుడు మిగిలింది తనూ, తన దగ్గరే ఉంటున్న తల్లి అచ్చాయమ్మా. అక్కకి పట్టుచీర, బావగారికి పంచెలచాపు పీటల మీద పెట్టి దణ్ణం పెట్టాడు. ఇవ్వడానికి నియమాలేవీ అడ్డులేవట, పుచ్చుకోవడానికే ఉన్నాయట. తిరిగి బట్టలు పెట్టబోతే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు. మజ్జిగ వద్దన్నాడు. "పోనీ మంచినీళ్ళైనా తాగరా" అంటే సంచీలోంచి తను తెచ్చుకున్న సీసా తీసి చూపించాడు.

వంటశాలలో ఆ రోజు ఆవపెట్టిన పనసపొట్టు కూర. మూర్తికి ప్రాణం. వాడి కోసమే భవాని లేతకాయ వెతికించి, దగ్గరుండి వండించింది. విస్తళ్ళు వేశారు, అందరూ కూర్చున్నారు. మూర్తి మాత్రం వరండాలో ఓ మూల కుర్చీ వేసుకుని, ఏలూరు బస్టాండు ఎదురుగా హోటల్లో కట్టించుకొచ్చిన క్యారియరు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏంటయ్యా ఇదీ!" అన్నాడు అబ్బాయిరాజు, చేతిలో బూరె పట్టుకునే. "బూరెలు పెట్టి బావ నీచేత సంతకం చేయించుకుంటాడనా నీ అనుమానం?"

"బావగారి మీద అనుమానం కాదండీ బాబాయిగారూ" అన్నాడు మూర్తి నెమ్మదిగా. అతనికి కోపమొచ్చినా గొంతు లేవదు, అదే పెద్ద బాధ. "రేపు నేను కేబుళ్ళు బాగున్నాయని రాశాననుకోండి, బూరెలు తిని రాశాడంటారు. బాగాలేవని రాశాననుకోండి, బూరెలు చాల్లేదంటారు. రెండు విధాలా బూరెకే పేరొస్తుంది గానీ కేబులుకి రాదు కదండీ."

కొందరు నవ్వారు. బుచ్చిబాబు నవ్వలేదు. పట్టుపంచె కట్టుకుని, పసుపు నీళ్ళు ఇంకా ఆరని చేతుల్తో, చుట్టాలందరి మధ్యా నిలబడి ఉన్నాడాయన. సొంత బావమరిది తన కొత్తింట్లో హోటలు అన్నం తింటున్నాడు. ఆయన మొహం భవాని చూడలేకపోయింది.

అప్పుడు ఆవిడ ఒక తెలివితక్కువ పని చేసింది. తమ్ముడు చేతులు కడుక్కోవడానికి సీసా పట్టుకుని పెరట్లోకి వెళ్ళినప్పుడు, క్యారియరు మధ్యగిన్నెలో ఉన్న హోటలు బీన్సు కూర తీసేసి పనసపొట్టు కూర పెట్టేసింది. ఒక్క ముద్ద నోట్లోకి పోతే చాలు, వాడి పంతం అదే దిగుతుందని ఆవిడ ధీమా.

మూర్తి వచ్చి గిన్నె మూత తీశాడు. ఆగాడు. వంగి వాసన చూశాడు. అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడని అక్కడున్న వాళ్ళంతా గమనించారు. తర్వాత మూత పెట్టేసి, పక్కకి జరిపి, "హోటలువాడు ఆవ ఇంత పదునుగా పెట్టడక్కా" అన్నాడు. మిగిలిన పెరుగన్నం ఊరగాయ నంజుకుని తినేసి, గిన్నెలు తన నీళ్ళతోనే తొలిచి, బోర్లించి పెట్టాడు.

బంతిలో ఒకటే నవ్వులు. ఆ నవ్వులే కొంప ముంచాయి. బుచ్చిబాబు వరండాలోకి వచ్చి, "మూర్తీ, నువ్వు చేసేది నీ డ్యూటీ, కాదనను. కానీ ఇదిగో, అందరూ వింటున్నారు. లైసెన్సు వచ్చినా సరే, రాకపోయినా సరే, ఈ ఇంట్లో నా చేత్తో నీకు ఆకు వెయ్యను" అని లోపలికి వెళ్ళిపోయాడు. మూర్తి తల వంచుకున్నాడు. తల్లి చెయ్యి పట్టుకుని సాయంత్రం బండికే వెళ్ళిపోతానన్నాడు.

భవాని తల్లిని వంటింట్లోకి లాక్కెళ్ళి భోరుమంది. "నువ్వైనా చెప్పవేంటమ్మా వాడికి? నువ్వు కలిపి పెడితే తినడూ?"

అచ్చాయమ్మ నింపాదిగా తమలపాకు ఈనె తీస్తోంది. "ఎలా తింటాడే? తండ్రి పోలిక. మీ నాన్నని మర్చిపోయావా?"

భవాని మర్చిపోలేదు. ఎలా మర్చిపోతుంది? నాన్న శివరామయ్య అత్తిలి స్కూల్లో లెక్కల మాస్టారు. కూతురికి బిడ్డ పుట్టేదాకా కూతురింట చెయ్యి కడగకూడదన్న పాతకాలపు పట్టింపు ఆయనకి. భవానికేమో చాలా ఏళ్ళదాకా బిడ్డ పుట్టలేదు. ఏటా వేసవి సెలవుల్లో రెండు రాత్రులు రైల్లో పడి స్టేషను కాలనీకి వచ్చేవాడు. మరచెంబుతో నీళ్ళు తెచ్చుకునేవాడు, అవి అయిపోతే వీధి కుళాయి దగ్గర పట్టుకునేవాడు. కాలనీ గేటు బయట హోటల్లో ఇడ్లీలు తినొచ్చి, కూతురి ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఆయన వెళ్ళిపోయాక తలుపేసుకుని ఏడ్చేది భవాని. తన ఇల్లేదో మైలపడినట్టు ఉండేది. చివరికి బన్నీ పుట్టాడు. పురిటి స్నానమై, బిడ్డతో కాలనీకి తిరిగి వచ్చిన నెలలో నాన్న వచ్చాడు. వస్తూనే చెప్పులు విప్పి, "ఆకలేస్తోంది తల్లీ, ఏముంది?" అన్నాడు. ఆ రోజు ఆయన ఎన్నిసార్లు మారు అడిగాడో తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

"మీ నాన్నకి బిడ్డ పుట్టాలి, వీడికి లైసెన్సు పుట్టాలి" అంది అచ్చాయమ్మ, ఆకుకి సున్నం రాస్తూ. "అది పుట్టేదాకా ఓపిక పట్టు. ఏడిస్తే ముందుగా పుట్టదు."

సరే, ఓపిక పట్టడం మొదలైంది. బుచ్చిబాబు స్టేషనుకి తిరిగి వెళ్ళాడు, భవానీ వెంట వెళ్ళింది. ఇంట్లో తమ్ముడి పేరు ఎత్తడానికి లేదు. ఫోనులో మూర్తి మామూలుగానే మాట్లాడేవాడు, అక్కా ఎలా ఉన్నావ్, అమ్మకి మోకాళ్ళ నొప్పి అని. కేబుళ్ళ ఊసు ఆవిడ ఎత్తలేదు, అతను చెప్పలేదు. ఇలా మధ్యలో ఇరుక్కున్న ఆడదాని అవస్థ ఏ రిపోర్టులోనూ రాయరు.

వైశాఖంలో రిపోర్టు వచ్చింది. లోపలి కేబుళ్ళలో ఒక రకం పనికిరాదు, మొత్తం మార్చాలి, మార్చేదాకా లైసెన్సు ఇవ్వడానికి వీల్లేదు. అంటే స్టేషను ఆపెయ్యాలి, నెలలకి నెలలు. ఆ సాయంత్రం బుచ్చిబాబు ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చకుండా సోఫాలో కూలబడ్డాడు. భవాని కాఫీ పట్టుకుని నిలబడింది. తమ్ముణ్ణి తిడితే వినాలా, వెనకేసుకు రావాలా అన్నది ఆవిడకి తేలలేదు.

ఆయన జేబులోంచి మూరెడు నల్లటి కేబులు ముక్క తీసి బల్లమీద పెట్టాడు. "గోదాంలో ఉంది, అప్పటి సరుకే. మూర్తి రాసినట్టు వేడి గదిలో మగ్గబెట్టి తెచ్చా. వంచి చూడు."

భవాని వంచింది. పైన నిగనిగలాడుతున్న తొడుగు అప్పడంలా ఫెళ్ళున విరిగి చీర మీద రాలింది.

"ముప్పై ఏళ్ళుగా వాటి పక్కనుంచే నడుస్తున్నా" అన్నాడు బుచ్చిబాబు. "ఎప్పుడూ బాగానే కనపడ్డాయి. పొద్దున్న మీటింగులో మావాళ్ళందరి ముందూ రిపోర్టు చదివించాను. రచ్చ జరుగుతుందనుకున్నా. ఒక్కడంటే ఒక్కడు కిక్కురుమనలేదు. ఎందుకో తెలుసా? పనసపొట్టు కథ ఇక్కడి దాకా పాకిందట. సొంత బావ కొత్తింట్లో మంచినీళ్ళు ముట్టనివాడు రాశాడంటే ఉన్నదే రాసుంటాడండీ, మార్చేద్దాం అన్నారు."

"మరి మీకు కోపం లేదా అండీ?"

"లేకేం. ఉంది" అన్నాడాయన. కాఫీ అందుకుని ఒక్క గుక్క తాగాడు. "వాడి మీద కాదు. ఆకు వెయ్యనని అంతమంది ముందు అన్నాను చూడు, నా మీద."

వానాకాలమంతా స్టేషను ఆగిపోయి ఉంది. పాత కేబుళ్ళు తీసేసి కొత్తవి వేశారు. బుచ్చిబాబు ఇంటికి అన్నానికి వచ్చేవాడు, అంతే. పని ముగిసింది, బోర్డువాళ్ళు మళ్ళీ వచ్చి చూసి వెళ్ళారు, ఇక కాగితం రావాలి. అది రాదే! ఆయన కంట్రోల్ రూములో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే కింది ఇంజనీర్లకి ప్రాణం విసిగి, "సార్, మీరిలా తిరుగుతుంటే మాకు బీపీ వస్తోందండీ, నాలుగు రోజులు ఊరెళ్ళి రండి" అని బతిమాలి ఏలూరు పంపారు.

ఏలూరు వచ్చినా ఆయన తీరు మారలేదు. కార్తీకం వెళ్ళి చలి మొదలైంది, కొల్లేటికి కొంగలు దిగాయి, వాటిని చూద్దురుగాని రండి అంటే రాడు. ఫోను చూసుకోవడం, నిట్టూర్చడం. చూసి చూసి భవాని ఆ ఫోను కట్టేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. చేసేది లేక ఆయన మోటారుకి ఎర్రచీటీ కట్టి, మేడెక్కి, ట్యాంకులో దిగి పాచి గీకడం మొదలెట్టాడు.

ఆ పొద్దున్నే ఆటో ఆగింది. మూర్తి, అచ్చాయమ్మా దిగారు. ద్వారకా తిరుమలలో తల్లి మొక్కు తీర్చుకుని, రైలుకి ఇంకా టైముందని అక్కని చూసిపోదామని వచ్చారట. మేడమీద ఆయన, గుమ్మంలో వీడు. గృహప్రవేశం తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇదే.

"రామ్మా, రా తమ్ముడూ" అంది. తల్లికి కాఫీ కలిపి తెచ్చింది. తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. అడిగి లేదనిపించుకోవడం దేనికని. మూర్తి కుర్చీలో కూర్చుని, సంచీలోంచి తన సీసా తీసి, మూత తిప్పబోయాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూశాడు. ఆ చదివిందేదో పైనుంచి కిందిదాకా, తొందరపడకుండా, రెండోసారి కూడా చదివాడు. భవానీ, అచ్చాయమ్మా వాడి మొహంలోకి చూస్తున్నారు. ఆ మొహంలో ఏమీ కనపడదు, చిన్నప్పట్నుంచీ అంతే.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. సీసా మూత గట్టిగా బిగించి, సంచీలో పెట్టి, జిప్పు లాగేశాడు.

"అక్కా" అన్నాడు. "దాహమేస్తోంది. కాసిని మంచినీళ్ళియ్యవే."

భవాని వంటింట్లోకి ఎలా వెళ్ళిందో, గ్లాసు ఎలా తెచ్చిందో ఆవిడకే తెలీదు. మూర్తి గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. ఆవిడ పెరట్లోకి పరుగెత్తి మేడవైపు తలెత్తి అరిచింది.

"ఏవండీ! ఏవండోయ్! మీ స్టేషనుకి లైసెన్సు వచ్చిందండీ!"

ట్యాంకులోంచి పాచి అంటిన తల ఒకటి బయటికొచ్చింది. "నీకెలా తెలుసు? ఫోను తీశావా?"

"లేదండీ! తమ్ముడొచ్చాడు! మంచినీళ్ళు తాగాడు!"

స్టేషనులో ఏ మాటైనా తిరిగి చెప్పి ఖాయం చేసుకోవాలి, ఆయన అలవాటు అది. "మూర్తి... మనింట్లో... మంచినీళ్ళు తాగాడు?"

"తాగాడండీ!"

"మన నీళ్ళేనా? సీసావి కాదుగా?"

"మనవేనండీ! మొత్తం తాగేసి ఇంకో గ్లాసు అడుగుతున్నాడు!"

తల మాయమైంది. మెట్లమీద తడికాళ్ళ చప్పుడు. బుచ్చిబాబు వాకిట్లోకి వచ్చి, మూర్తిని ఒకసారి చూశాడు. మూర్తి లేచి నిలబడ్డాడు. బుచ్చిబాబు గిరుక్కున తిరిగి పెరట్లోకి పోయి, అరటిచెట్టు నుంచి ఆకు కోసి, కడిగి తెచ్చి, హాలు మధ్యలో పీట వేసి, దాని ముందు తన చేత్తోనే పరిచాడు.

"కూర్చోవయ్యా" అన్నాడు.

"బావగారూ, ఆ మాట..."

"ముందు కూర్చో."

ఇంట్లో పనసపొట్టు లేదు. దాని కాలమే కాదు. కందిపచ్చడీ, చారూ, పొద్దున్న వార్చిన అన్నమూ ఉన్నాయి. భవాని వడ్డిస్తుంటే నెయ్యి ఆకులో సగం, నేలమీద సగం పడింది. మూర్తి తల వంచుకుని తిన్నాడు. బుచ్చిబాబు ఎదురుగా గొంతుకూర్చుని, ఖాళీ అయినచోటల్లా అన్నం పెడుతూనే ఉన్నాడు. అచ్చాయమ్మ కళ్ళు తుడుచుకుంటూ, అచ్చం మీ నాన్నేనే అని గొణుక్కుంది.

రెండోసారి చారు పోయించుకుని, జుర్రుకుని, మూర్తి కాసేపు ఆలోచించాడు.

"అక్కా, చారులో ఉప్పు తక్కువైందే" అన్నాడు.

"రాసుకోరా" అంది భవాని, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నీ రిపోర్టులో రాసుకో నాయనా."